తాగునీటి పరీక్షా ఫలితం ఊరికి చేరే దారి

తాగునీటి నాణ్యత సమాచారంలో రెండు భాగాలుంటాయి. నమూనాలో ఏ పదార్థం ఎంత ఉందో చెప్పే అంకె ఒకటి. ఆ నమూనాను ఏ బోరు నుంచి, ఏ కుళాయి నుంచి, ఏ రోజున, ఎవరు తీశారు, ఏ పద్ధతిలో పరీక్షించారు అనే వివరం రెండోది. ఈ రెండో భాగం లేని అంకె ఎవరికీ కొరగాదు. తెలుగు రాష్ట్రాల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగం, భూగర్భజల శాఖ, పురపాలక సంఘాలు, కేంద్ర భూగర్భజల మండలి ఏటా నీటిని పరీక్షిస్తూనే ఉన్నాయి. పరీక్షలు చాలడం లేదన్న మాట నిజమే. కానీ అంతకంటే పెద్ద లోటు ఫలితం వెనక్కి రావడంలో ఉంది. బోరు దగ్గర సీసాలో పట్టిన నీరు ప్రయోగశాలకు వెళుతుంది, అంకె రిజిస్టరుకో కంప్యూటరుకో ఎక్కుతుంది, ఆ బోరు నీళ్లు తాగే ఇంటికి మాత్రం కబురు అందదు. అందినా దాన్ని చదివి అర్థం చేసుకునే వీలుండదు.

ఫ్లోరైడ్ ప్రాంతాల అనుభవం

తెలుగునేల మీద ఈ సమస్య చరిత్ర ఫ్లోరైడ్‌తో మొదలవుతుంది. అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట గ్రామాల్లో జనం పళ్ల మీద గోధుమరంగు చారలు పడుతున్నాయి, నడుములు వంగిపోతున్నాయి, కీళ్లు బిగుసుకుపోతున్నాయి. దీనికి తాగేనీటిలోని ఫ్లోరైడే కారణమని షార్ట్ అనే వైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి నివేదికలలో అదొకటి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్తగా ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరాయి, నీటి గోడు కూడా వాటితోపాటే వచ్చింది. వైద్య పత్రికకు తెలిసిన సంగతి ఆ బావుల నీళ్లు తోడుకునేవాళ్లకు తెలియడానికి దశాబ్దాలు పట్టింది. తెలిసినా మరో నీరు లేక అవే తాగినవాళ్లు ఎందరో.

నల్లగొండలోనూ ఇదే జరిగింది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు మండలాల నేల అడుగున ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా నీటిలోకి దిగుతుంది. నీరు రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే, దానిలో కాల్షియం ఎంత తక్కువగా, క్షారగుణం ఎంత ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ అంతగా పెరుగుతుంది. వానలు తగ్గి, చేదబావులు ఎండి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ మనుషులు తాగేది ఆ పాత నీరే అయింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధనా సంస్థ (నీరి) పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. జిల్లా పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలకు ఎక్కినా జిల్లా జనం నీళ్ల కోసం రోడ్డెక్కక తప్పలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలిచారు. వారిలో అత్యధికులు నీటి కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపుతో నామినేషన్లు వేసినవారు. బ్యాలట్ పత్రం పుస్తకమంత అయి పోలింగు వాయిదా పడింది. నీటి నాణ్యత లెక్కను దేశం ముందు పెట్టడానికి ఒక జిల్లా ప్రజలు ఎన్నుకోవలసి వచ్చిన మార్గం అది. ప్రయోగశాల నివేదికలు అంతకుముందే ఎన్నో ఉన్నాయి, వాటిని చదివేవారే లేకపోయారు.

ప్రమాణాలను చదవడం

మన దేశంలో తాగునీటికి కొలబద్ద భారతీయ ప్రమాణాల సంస్థ ప్రకటించిన ఐ.ఎస్. 10500. ఇది 1983లో మొదట వచ్చింది, 1991లో, 2012లో సవరించారు. ఇందులో చాలా అంశాలకు రెండేసి అంకెలుంటాయి. మొదటిది ఆమోదయోగ్యమైన పరిమితి. రెండోది, వేరే నీటి వనరు ఏదీ లేనప్పుడు మాత్రమే ఓర్చుకోదగిన పరిమితి. ఫ్లోరైడ్‌కు లీటరుకు 1 మిల్లీగ్రాము మొదటిది, 1.5 రెండోది. నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణాలకు 500, 2,000. కాఠిన్యానికి 200, 600. పరీక్షా నివేదికల్లో ఎక్కువ పొరపాట్లు ఈ రెండు వరుసల దగ్గరే జరుగుతాయి. 1.4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరుకు ‘పరిమితికి లోబడి ఉంది’ అని రాసి పంపితే అబద్ధం కాదు, నిజం కూడా కాదు. ఆ ఊళ్లో వేరే మంచినీరు దొరికే వీలుందా లేదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా రెండో వరుసను వాడకూడదు.

కొన్నిటికి సడలింపు లేనే లేదు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. నూరు మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలై సూక్ష్మజీవి ఒక్కటి కూడా కనబడకూడదు. ఈ-కోలై మనుషుల, పశువుల పేగుల్లో ఉండేది. అది నీటిలో దొరికిందంటే మలం ఎక్కడో కలిసిందని అర్థం.

కొలమానాలు మారితే అర్థమే తలకిందులవుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ నైట్రేట్‌కు పెట్టిన హద్దు 10 మిల్లీగ్రాములు, భారతీయ ప్రమాణం 45. మన దేశం నాలుగున్నర రెట్లు ఉదారంగా ఉందని ఎవరైనా అనుకోవచ్చు. నిజానికి అమెరికా లెక్క నైట్రేట్‌లోని నైట్రోజన్ ఒక్కదానిది, మన లెక్క మొత్తం నైట్రేట్‌ది. పది మిల్లీగ్రాముల నైట్రోజన్ అంటే సుమారు 44 మిల్లీగ్రాముల నైట్రేట్. రెండు హద్దులూ దాదాపు ఒకటే. యురేనియం విషయం అలా కాదు, అక్కడ తేడా నిజమైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాములు సూచిస్తే, మన అణుశక్తి నియంత్రణ మండలి 60 వరకు అనుమతించింది. 45 మైక్రోగ్రాములున్న బోరు ఒక లెక్కన మంచిది, ఇంకో లెక్కన కాదు. ఏ హద్దుతో పోల్చారో చెప్పని నివేదిక ఇలాంటి చోట జనాన్ని తికమక పెడుతుంది.

నివేదికల్లో తరచు కనిపించే మరో మాట ‘గుర్తింపు స్థాయికి దిగువన’. అంటే ఆ పదార్థం అసలు లేదని కాదు, ఆ పరికరం పట్టుకోగలిగినంత లేదని. పరికరం ఎంత సూక్ష్మంగా కొలవగలదో పక్కన రాయకపోతే ఆ మాటకు విలువ లేదు.

నమూనా దగ్గరే సగం నిజం

ఒక ఊరి నీటికి ఒకే అంకె ఉండదు. ఓవర్‌హెడ్ ట్యాంకులో ఉన్న నీరు, ట్యాంకు దిగువన మొదటి కుళాయిలో నీరు, ఎస్సీ కాలనీ చివరి వీధి కుళాయిలో నీరు ఒక్కటి కావు. మధ్యలో పైపు పగిలి, ఆ పగులు మురుగుకాలువలో ఉంటే, సరఫరా ఆగినప్పుడు పైపు మురుగును లోపలికి పీల్చుకుంటుంది. ట్యాంకు దగ్గర తీసిన నమూనా అప్పుడు కూడా శుభ్రంగానే ఉంటుంది. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రాణాలు తీసినప్పుడు వేళ్లన్నీ తాగునీటివైపే చూపాయి. ఊరి చివరి కుళాయి నమూనా లేని నివేదికను సూక్ష్మజీవుల విషయంలో నమ్మడానికి లేదు.

కాలాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. చాలా చోట్ల ఎండాకాలంలో ఫ్లోరైడ్ గాఢత పెరుగుతుంది, వానల తరువాత తగ్గవచ్చు. సూక్ష్మజీవుల బెడద తొలకరిలో ఎక్కువ. డిసెంబరులో ఒక్కసారి తీసిన నమూనాతో ఏడాదంతటికీ తీర్పు చెప్పకూడదు. సూక్ష్మజీవుల పరీక్షకు తీసే సీసా క్రిమిరహితమై ఉండాలి, క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ అందులో ముందే వేసి ఉండాలి, నమూనాను చల్లగా ఉంచి త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి. థయోసల్ఫేట్ వేయకపోతే దారిలో క్లోరిన్ తన పని చేసుకుంటూ పోయి, కుళాయిలో బతికున్న సూక్ష్మజీవులు ప్రయోగశాల చేరేసరికి చచ్చిపోతాయి, నివేదిక మంచిదిగా వస్తుంది.

ఎన్ని నమూనాలు తీశారన్నది ఇంకో ప్రశ్న. 2019 నవంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నగరాల కుళాయి నీటి మీద పరీక్షా ఫలితాలు ప్రకటించింది. ముంబయిలో తీసిన 10 నమూనాలూ నెగ్గాయి, ఢిల్లీలో 11కి 11 విఫలమయ్యాయి. ఢిల్లీ ప్రభుత్వం ఆ ఫలితాన్ని ఒప్పుకోలేదు, రాజకీయ రగడ నడిచింది. కోటిన్నరకు పైగా జనం ఉన్న నగరం నీటి గురించి 11 సీసాలు ఒక హెచ్చరిక ఇవ్వగలవు, తీర్పు ఇవ్వలేవు. హెచ్చరికగా తీసుకుని మరిన్ని నమూనాలు తీయవలసిన చోట రెండు పక్షాలూ వాదనకే దిగడం వల్ల పోయినది జనానికి తెలిసే అవకాశం.

నమూనాల ఎంపిక ఎంత మేలు, ఎంత కీడు చేయగలదో అమెరికాలోని ఫ్లింట్ నగరం చూపించింది. ఖర్చు తగ్గించుకోవడానికి 2014 ఏప్రిల్‌లో ఆ నగరం నీటి వనరును మార్చి ఫ్లింట్ నది నీటిని వాడుకుంది. పైపులు తినిపోకుండా కాపాడే రసాయనం కలపలేదు. పాత పైపుల్లోని సీసం నీటిలోకి దిగింది. అమెరికా నిబంధన ప్రకారం సీసానికి చర్య తీసుకోవలసిన స్థాయి లీటరుకు 15 మైక్రోగ్రాములు. కానీ లెక్కించేది సగటు కాదు, నమూనాలన్నిటినీ వరుసగా పేర్చి పదింట తొమ్మిది ఏ అంకెకు లోబడి ఉన్నాయో చూస్తారు. 2015 తొలి ఆరునెలల లెక్కలో సీసం ఎక్కువగా ఉన్న రెండు నమూనాలను అధికారులు నియమాలకు సరిపోవంటూ తీసేశారు. దాంతో ఆ అంకె 11కు దిగింది, అవి ఉంటే 15 దాటేది. వర్జీనియా టెక్‌కు చెందిన ప్రొఫెసర్ మార్క్ ఎడ్వర్డ్స్ సాయంతో ఇళ్లవాళ్లే స్వయంగా నమూనాలు పట్టి పంపారు. పిల్లల వైద్యురాలు మోనా హన్నా-అటిషా పిల్లల రక్తంలో సీసం పెరిగిందని 2015 సెప్టెంబరులో లెక్కలతో బయటపెట్టారు. అప్పటికిగాని ప్రభుత్వం కదలలేదు.

ఊళ్లోనే చేసే పరీక్షలు

అన్నిటికంటే సులువైనది, రోజూ చేయదగినది క్లోరిన్ పరీక్ష. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెలో గాజు గొట్టం ఉంటుంది. కుళాయి నీటిని గీత దాకా పట్టి, ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే నీరు పసుపురంగుకు తిరుగుతుంది. పక్కనున్న రంగుల పలకతో పోల్చి అంకె చదువుతారు. చివరి కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నీరు రంగు తిరగకపోతే ఒకటి, ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేయలేదు. లేదా వేసినది దారిలో కలిసిన మురికికే ఖర్చయిపోయింది. బాగున్న పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు వంద గ్రాములు సరిపోతుంది. మూత లేని గోనెసంచిలో నెలల తరబడి పడి ఉన్న పౌడర్‌లో క్లోరిన్ శాతం బాగా పడిపోతుంది. తూకం సరిగ్గా వేసినా గొట్టంలో రంగు రాదు. ట్యాంకు తాళం చేతిలో ఉన్న సిబ్బందికి ఈ ఒక్క సంగతి తెలిసి, చివరి వీధి కుళాయి అంకెను రోజూ పలక మీద రాస్తే ఊరి అతిసారం కేసుల్లో చాలావరకు మొదట్లోనే ఆగుతాయి. ఇంతకంటే చౌకైన ప్రజారోగ్య సమాచారం మరొకటి లేదు.

రెండోది నల్లబడే సీసా పరీక్ష. మాంజా, మౌర్య, రావు అనే భారతీయ శాస్త్రవేత్తలు 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించిన పద్ధతి ఇది. రసాయనం పట్టించిన కాగితం ఉన్న చిన్న సీసాలో నీరు పోసి వెచ్చగా ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీరైతే నల్లబడుతుంది. చదువురానివారికీ అర్థమయ్యే ఫలితం. అయితే పేగుల్లో లేని కొన్ని సూక్ష్మజీవులు కూడా ఈ నలుపుకు కారణమయ్యే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టించగలవు కాబట్టి లోతు బోర్ల నీటిలో ఇది ఒక్కోసారి తప్పుగా భయపెడుతుంది. నల్లబడితే ప్రయోగశాలకు పంపి ఈ-కోలై పరీక్ష చేయించాలి. ఫలితం వచ్చేదాకా నీరు కాచుకుని తాగాలి.

ఫ్లోరైడ్ కిట్‌లో రసాయనం కలిపిన నీరు ఫ్లోరైడ్ పెరిగిన కొద్దీ గులాబీ నుంచి పసుపుకు మళ్లుతుంది. రంగును కంటితో పోల్చే పరీక్ష కనుక 1కీ 1.5కీ మధ్య తేడాను దీనితో కచ్చితంగా తేల్చలేరు. గడువు తీరిన రసాయనంతో వచ్చే అంకెకు అర్థమే లేదు. ఇలాంటి కిట్లు అనుమానాన్ని గుర్తించడానికి పనికొస్తాయి, నిర్ధారణ ప్రయోగశాలదే.

ఇళ్లలో ఎక్కువగా కనిపించే టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణాల) మీటరు గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. వీధి చివర ఫిల్టర్ వాటర్ ప్లాంటువాళ్లు, ప్యూరిఫయరు అమ్మేవాళ్లు ఈ పెన్ను నీటిలో ముంచి అంకె చూపిస్తారు. అది కొలిచేది నీటి విద్యుద్వాహకతను, దాన్నిబట్టి మొత్తం లవణాలను అంచనా వేస్తుంది. సూక్ష్మజీవులు దానికి కనబడవు. 800 టీడీఎస్ ఉన్న నీటిలో 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నా లేకపోయినా మీటరు చూపే అంకెలో తేడా తెలియదు. 60 చూపిన క్యాన్‌లో ఈ-కోలై ఉండవచ్చు, 400 చూపిన కుళాయి నీరు నిశ్చింతగా తాగదగినది కావచ్చు. టీడీఎస్ తక్కువైతే నీరు మంచిదన్న నమ్మకం తెలుగు పల్లెల్లో, పట్టణాల్లో ఎంత పాతుకుపోయిందంటే, పంచాయతీ కుళాయి నీటికి పరీక్షాఫలితాలున్నా జనం వాటిని వదిలి, ఏ పరీక్షా కాగితం లేని క్యాన్‌ను డబ్బులిచ్చి కొంటున్నారు.

దాచినప్పుడు, పంచినప్పుడు

ఫలితం ఎవరికి చేరాలో ముందే నిర్ణయించి ఉండకపోతే ఏమవుతుందో కెనడాలోని వాకర్టన్ చెబుతుంది. 2000 మే నెలలో భారీ వర్షాలకు పశువుల ఎరువు ఒక బావిలోకి చేరి, ప్రాణాంతకమైన ఈ-కోలై రకం ఊరి కుళాయిల్లోకి వచ్చింది. నమూనాలు చెడ్డవని ప్రయోగశాల నీటి సరఫరా మేనేజరుకు తెలియజేసింది. అతను ఆరోగ్యశాఖకు చెప్పలేదు, వాళ్లు అడిగితే నీరు బాగానే ఉందన్నాడు. ప్రైవేటు ప్రయోగశాల ఆరోగ్యశాఖకు నేరుగా చెప్పి తీరాలన్న కట్టుబాటు అప్పటి చట్టంలో లేదు. ఏడుగురు మరణించారు, దాదాపు 2,300 మంది జబ్బుపడ్డారు. న్యాయవిచారణ తరువాత ఒంటారియో రాష్ట్రం 2002లో తాగునీటి భద్రతా చట్టం చేసింది. చెడు ఫలితం వచ్చిన వెంటనే ఆరోగ్యాధికారికి చెప్పడం దానిలో తప్పనిసరి అయింది.

పంచినప్పుడు ఏం జరుగుతుందో బంగ్లాదేశ్‌లో చూడవచ్చు. అక్కడ చేతిపంపుల నీటిలో ఆర్సెనిక్ ఉందని 1990లలో తేలాక, దేశం దాదాపు 50 లక్షల పంపులను పరీక్షించి, మూతులకు రంగులు వేసింది. లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటితే ఎరుపు, లోపుంటే ఆకుపచ్చ. సుమారు 29 శాతం ఎరుపుకు వచ్చాయి. ఆర్సెనిక్ పక్కపక్క పంపుల్లోనే ఎక్కువ తక్కువలుగా ఉంటుంది, అందువల్ల చాలామందికి నడిచివెళ్లేంత దూరంలోనే మంచి పంపు దొరికింది. ఆరైహజార్ ప్రాంతంలో జరిగిన అధ్యయనంలో తమ పంపు చెడ్డదని తెలిసినవారిలో 60 శాతం మంది ఏడాదిలోగా వేరే పంపుకు మారారు. పైపులైను వేయలేదు, యంత్రం పెట్టలేదు, చెప్పిందల్లా ఒక్క రంగు. కానీ రంగు వెలిసింది, కొత్త పంపులు పరీక్ష లేకుండానే పడ్డాయి, మళ్లీ పరీక్షించే ఏర్పాటు సన్నగిల్లింది. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు 10 మైక్రోగ్రాములే కనుక ఆకుపచ్చ పంపులన్నీ నిజంగా నిక్షేపమని కూడా అనలేరు. మన ఫ్లోరైడ్ గ్రామాల్లో చేతిపంపులకు ఎర్రరంగు పూసిన పద్ధతికీ ఇదే బలం, ఇదే బలహీనత. పక్కన మరో నీరు ఉంటేనే ఎర్రరంగు ఉపయోగపడుతుంది. లేనప్పుడు అది ఊరిమీద పడ్డ ముద్రగా మిగిలి, ఆ ఊరికి పిల్లనివ్వడానికి కూడా జనం జంకేలా చేస్తుంది.

మన దేశంలోనే గుర్‌గావ్‌లో జలాన్, సోమనాథన్ జరిపి 2008లో ప్రచురించిన పరిశోధన కూడా దీన్నే బలపరుస్తుంది. నీటిని శుద్ధి చేసుకునే అలవాటు లేని ఇళ్లకు వారి సొంత నీరు కలుషితమై ఉండవచ్చని పరీక్ష చేసి చెప్పగా, కొద్ది వారాల్లోనే వారిలో శుద్ధి మొదలుపెట్టినవారు, చెప్పని ఇళ్లతో పోలిస్తే, 11 శాతం పాయింట్లు ఎక్కువయ్యారు. నీరు మంచిది కాదన్న సాధారణ ప్రచారం కంటే ‘మీ ఇంటి నీరు’ అన్న మాట పనిచేస్తుంది.

ఇప్పుడున్న ఏర్పాటు

2019 ఆగస్టు 15న ప్రకటించిన కేంద్ర గ్రామీణ తాగునీటి పథకం జల్ జీవన్ మిషన్ నిబంధనలు ప్రతి వనరును ఏడాదికొకసారి రసాయనాలకు, రెండుసార్లు సూక్ష్మజీవులకు పరీక్షించాలంటాయి. ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు కిట్‌తో పరీక్షించడంలో శిక్షణ ఇవ్వాలంటాయి. ఫలితాలు నమోదు చేయడానికి 2021లో దేశవ్యాప్త పోర్టల్ వచ్చింది. ప్రభుత్వ ప్రయోగశాలలు స్వల్ప రుసుముతో సామాన్యుల నమూనాలూ తీసుకుంటున్నాయి. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. ఆచరణలో పరీక్షల సంఖ్య లక్ష్యమై కూర్చుంది. ఎన్ని నమూనాలు పరీక్షించారో పైకి పోయే నివేదికలో ఉంటుంది, ఎన్ని ఇళ్లకు ఫలితం చెప్పారో ఉండదు. ఒకే బోరు గ్రామీణ నీటి సరఫరా రికార్డుల్లో ఒక పేరుతో, భూగర్భజల శాఖలో మరో నంబరుతో, పంచాయతీలో ‘రామాలయం బోరు’గా ఉంటే మూడు చోట్లున్న పదేళ్ల ఫలితాలను కలిపి చూడడం ఎవరికీ సాధ్యం కాదు. ప్రతి వనరుకు ఒకే గుర్తింపు సంఖ్య ఇచ్చి దాన్ని పంపు మీదే రాయడం చిన్న పని, దాన్ని చేయకుండా పోర్టళ్లు కట్టుకుంటూ పోవడంలో అర్థం లేదు.

అంకె దేన్ని లెక్కపెడుతోందో చూడకపోతే మోసపోవడం ఎంత సులువో నల్లగొండ మళ్లీ చూపుతుంది. తెలంగాణలో 2015లో 967గా ఉన్న ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు 2020 నాటికి సున్నా అయ్యాయని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. రాష్ట్ర తాగునీటి పథకం మిషన్ భగీరథ ద్వారా కృష్ణా, గోదావరి నీరు ఆ ఊళ్లకు చేరడం నిజమైన విజయం, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ ఆ సున్నా లెక్కపెట్టినది సురక్షితమైన నీటి సరఫరా లేని ఆవాసాలను. నేల కింద నీటిలో ఫ్లోరైడ్ అలాగే ఉంది, ఇప్పటికే వంగిన ఎముకలు వంగే ఉన్నాయి. నల్లానీరు రెండు రోజులు రాక జనం పాత బోరుకు వెళితే అదే ఫ్లోరైడ్ మళ్లీ కడుపులోకి పోతుంది. కాబట్టి ఆ ఊళ్లలో బోర్ల పరీక్షలు ఆపకూడదు. బోరు మీద ‘తాగడానికి కాదు’ అన్న రాత చెరిగిపోకూడదు.

అంకెలకు అందనివీ ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎందుకు అంతగా ఉందో తేలలేదు. నీటి మీద ఎన్నో పరీక్షలు జరిగినా ఇదే కారణమని అందరూ ఒప్పుకునే ఒక్క పదార్థం దొరకలేదు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీరిచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. కారణం రుజువు కాకముందే ముందు జాగ్రత్తగా నీటిని మార్చడం సరైన పనే. కారణం దొరికిందని చెప్పకపోవడం కూడా అంతే సరైన పని. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు మొదట అందరి అనుమానం కుళాయి నీటి మీదికే పోయింది. ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ గుర్తించింది. చివరకు నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గు చూపారు. రోజుకొక సంస్థ రోజుకొక పదార్థం పేరు చెబుతుంటే జనం భయం పెరిగింది. ఒకే చోటి నుంచి, ఏది తెలిసింది, ఏది తెలియలేదు, ఏది పరీక్షలో ఉంది అని రోజూ చెప్పి ఉంటే ఆ పరిస్థితి ఉండేది కాదు.

ఊరికి చెప్పవలసిన తీరు

ఫలితంతోపాటు చేయవలసిన పని చెప్పకపోతే ఆ ఫలితం చెప్పీ చెప్పనట్టే. పైగా పని పదార్థాన్ని బట్టి మారుతుంది. ఈ-కోలై ఉంటే నీరు మరగకాచి తాగాలి. ఫ్లోరైడ్, నైట్రేట్ ఉంటే కాచడం వల్ల నష్టమే. నీరు ఆవిరైపోయి అవి ఇంకా చిక్కబడతాయి. నైట్రేట్ ఎక్కువున్న నీటితో పాలపిండి కలిపి పసికందుకు పట్టకూడదు. బిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలిబారే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లకు అంత ముప్పు లేదు. కాఠిన్యం ఎక్కువైతే పప్పు ఉడకదు, సబ్బు నురగరాదు, కానీ అది విషం కాదు. ఈ తేడాలన్నీ కలిపేసి ‘నీరు కలుషితం’ అని ఒకే మాటగా చాటిస్తే జనం అన్నిటికీ ఒకేలా భయపడతారు, లేదా దేనికీ భయపడరు.

పంచాయతీ కార్యాలయం గోడ మీద, రేషన్ డిపో దగ్గర, అంగన్‌వాడీ గుమ్మంలో ఉంచే పలకలో ఇవి చాలు: వనరు పేరు, సంఖ్య, నమూనా తీసిన తేదీ, హద్దు దాటిన అంశాలు, హద్దు ఎంత, వచ్చినది ఎంత, ఎవరు ఏం చేయాలి, మళ్లీ పరీక్ష ఎప్పుడు. గ్రామసభలో చదివి వినిపించాలి. ఆశా కార్యకర్తకు ఒక ప్రతి చేరాలి, గర్భిణులు, పసిపిల్లల ఇళ్లకు ఆమె వెళుతుంది కాబట్టి. వాట్సాప్ గ్రూపులో పెట్టడం అదనపు సౌకర్యమే తప్ప పలకకు బదులు కాదు. ఊళ్లో ఒంటరి వృద్ధురాలి చేతిలో స్మార్ట్‌ఫోను ఉండదు.

వీటిలో ఏదీ మన దేశంలో చట్టం చెప్పిన విధి కాదు. పంచాయతీల బాధ్యతల్లో తాగునీరు ఉన్నట్టు రాజ్యాంగం పదకొండో షెడ్యూలు చెబుతుంది. మంచినీరు జీవించే హక్కులో భాగమేనని ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం నడిచిన కేసులో సుప్రీంకోర్టు అన్నది. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అడగకముందే వివరాలు ప్రకటించమంటుంది. అయినా కుళాయి నీరు ఐ.ఎస్. 10500కు లోబడి తీరాలని గానీ, ఏటా ప్రతి ఇంటికీ ఫలితం పంపాలని గానీ ఏ చట్టమూ నీటి సరఫరాదారును కట్టడి చేయలేదు. అమెరికాలో 1996 చట్ట సవరణ తరువాత ప్రతి సామాజిక నీటి సరఫరా సంస్థ ఏటా జులై 1లోగా వినియోగదారులకు నీటి నివేదిక ఇచ్చి తీరాలి. డాలస్‌లో, న్యూజెర్సీలో కుళాయి నీరు వాడే తెలుగు కుటుంబాలకు ఏటా ఆ నివేదిక వస్తుంది. అదే కుటుంబాలకు ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల నీటి గురించి అలాంటి కాగితం రాదు. రెండు తెలుగు శాసనసభలూ ఇలాంటి నివేదికను పంచాయతీలకు, పురపాలక సంఘాలకు తప్పనిసరి చేస్తూ చట్టం చేయాలి. అందులో చెడు ఫలితం వచ్చిన రోజే ఆరోగ్యాధికారికి, ఊరికి చెప్పాలన్న నిబంధన ఉండాలి. అంతవరకు తమ బోరు, తమ కుళాయి చివరి పరీక్షా ఫలితం కాగితం మీద చూపమని వచ్చే గ్రామసభలో అడగడం ప్రతి ఇంటివారి హక్కు. అడగాలి.